టెక్సస్‌లో డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు కాగితాలు: ఆన్‌లైన్ సెర్చా, క్లర్క్ ఆఫీసా, లాయరా?

డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు రికార్డు గురించి అడిగారంటే కారణం దాదాపుగా మూడిట్లో ఒకటి. కేసు తమ మీదే ఉంది, వీసా స్టాంపింగ్‌కో గ్రీన్ కార్డుకో కోర్టు కాగితం కావాలి. లేదా కొత్త ఉద్యోగంలో బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంది, అందులో ఏం బయటపడుతుందో ముందే తెలుసుకోవాలి. లేదంటే గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న తల్లిదండ్రులు అమ్మాయికి అమెరికా సంబంధం చూస్తూ, అబ్బాయి మీద కేసులేమైనా ఉన్నాయేమో కాస్త చూడమని ఇక్కడున్న బంధువుని అడిగారు. ఈ ముగ్గురికీ కావలసింది ఒకే కాగితం కాదు, వెళ్లాల్సిన చోటు కూడా ఒకటి కాదు. కానీ చాలామంది గూగుల్‌లో పేరు కొట్టి, పైన కనిపించిన ప్రైవేటు వెబ్‌సైట్‌కి డబ్బు కట్టి, చివరికి ఏ ఆఫీసూ ఒప్పుకోని ప్రింటవుట్ చేతిలో పట్టుకుని కూర్చుంటున్నారు. అసలు కాగితం కొన్ని డాలర్లకే దొరికేటప్పుడు ఇలా జరగడం చూస్తే బాధేస్తుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఉదాహరణకి కాలిన్ కౌంటీని (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) తీసుకుంటున్నాను, ఎందుకంటే ప్లేనో, అలెన్, మెకిన్నీ, ప్రాస్పర్, ఫ్రిస్కోలలో మనవాళ్లు ఎక్కువ. మిగతా టెక్సస్ కౌంటీల్లోనూ పద్ధతి చాలావరకు ఇదే, తేడా ఉన్నచోట చెప్తాను. వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్లు మాత్రం ఆఫీసుల పేర్లు, ఫీజులు ఇక్కడివి పట్టుకుని వెళ్లకండి.

ముందు కౌంటీ ఏదో తేల్చుకోండి

సగం మంది ఇక్కడే దారి తప్పుతారు. కేసు మీ ఇల్లున్న కౌంటీలో ఉండదు, బండి ఆపిన చోటు ఏ కౌంటీలోకి వస్తే అక్కడ ఉంటుంది. ఫ్రిస్కోలో కొంత భాగం కాలిన్ కౌంటీ, కొంత డెంటన్ కౌంటీ. క్యారల్టన్ మూడు కౌంటీల్లో పరచుకుని ఉంది. డాలస్ నగరంలో కూడా ఉత్తరాన కొన్ని వీధులు కాలిన్‌లోకి వస్తాయి. ఇర్వింగ్, కొప్పెల్ వైపు అయితే డాలస్ కౌంటీ, లూయిస్‌విల్, ఫ్లవర్ మౌండ్ వైపు అయితే ఎక్కువగా డెంటన్. ఫ్రిస్కో పోలీసులు పట్టుకున్నారు కాబట్టి కాలిన్ అనుకుని నెలల తరబడి కాలిన్ వెబ్‌సైట్‌లో వెతికితే, కేసేమో డెంటన్‌లో నడుస్తూ ఉండొచ్చు. బెయిలు కాగితం మీద ఏ కౌంటీ పేరుందో, ఏ జైల్లో బుక్ చేశారో చూడండి, అది అన్నిటికంటే నమ్మకమైన ఆనవాలు. హ్యూస్టన్ వైపు వాళ్లకీ ఇదే చిక్కు, కేటీ అయితే హ్యారిస్, ఫోర్ట్ బెండ్, వాలర్ కౌంటీలు మూడిట్లోనూ ఉంది.

తర్వాత క్లర్క్ ఎవరన్నది, అంటే కేసు కాగితాలు ఏ ఆఫీసు దగ్గర ఉంటాయన్నది. టెక్సస్‌లో డ్రంక్ అండ్ డ్రైవ్‌ని డీడబ్ల్యూఐ అంటారు, మొదటిసారి అయితే మామూలుగా అది క్లాస్ బి మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరం. రక్తంలో ఆల్కహాల్ 0.15 లేదా అంతకంటే ఎక్కువ వచ్చినా, రెండోసారి దొరికినా క్లాస్ ఎ అవుతుంది. ఈ రెండు రకాలూ కౌంటీ కోర్టుల్లో నడుస్తాయి, కాగితాలు కౌంటీ క్లర్క్ దగ్గర ఉంటాయి. మూడోసారి అయినా, బండిలో 15 ఏళ్ల లోపు పిల్లలున్నా అది ఫెలనీ, అంటే పెద్ద నేరం, అప్పుడు డిస్ట్రిక్ట్ కోర్టు, డిస్ట్రిక్ట్ క్లర్క్. కాలిన్, డాలస్, డెంటన్ మూడు చోట్లా ఈ విభజనే. హ్యారిస్ కౌంటీలో మాత్రం మిస్‌డిమీనర్ క్రిమినల్ కాగితాలు కూడా డిస్ట్రిక్ట్ క్లర్కే చూస్తారు. 21 ఏళ్లు నిండని పిల్లల మీద పెట్టే డీయూఐ అనే కేసు ఇంకో దారి, అది అన్నిటికంటే చిన్నదైన క్లాస్ సి కాబట్టి జస్టిస్ కోర్టులోనో మున్సిపల్ కోర్టులోనో ఉంటుంది, కౌంటీ క్లర్క్ దగ్గర ఎంత వెతికినా కనబడదు. ఇక పేసర్ అనే ఫెడరల్ కోర్టుల వెబ్‌సైట్‌లో వెతకమని ఎవరైనా చెప్తే పట్టించుకోకండి, రాష్ట్రం పెట్టిన మామూలు డీడబ్ల్యూఐ కేసులు అందులో ఉండవు.

ఆన్‌లైన్ సెర్చ్: ఉచితమే, కానీ పేర్ల దగ్గరే గొడవ

కాలిన్ కౌంటీ వెబ్‌సైట్‌లో కోర్టు రికార్డుల సెర్చ్ ఉంది. డాలస్, డెంటన్ కౌంటీలకీ ఉంది. పేరుతోనో కేసు నంబరుతోనో వెతకొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. కేసు ఎప్పుడు ఫైలైంది, ఏ కోర్టు, చార్జి ఏంటి, వాయిదాలెప్పుడు, చివరికి ఏమైంది అన్నది వరసగా కనిపిస్తుంది. కేసు ఉందా లేదా, ఏ దశలో ఉంది అని తెలుసుకోడానికి ఇంతకంటే మంచి దారి లేదు, ఎవరైనా సరే మొదలు ఇక్కడే పెట్టాలి. కాకపోతే ఆ స్క్రీన్ ప్రింట్ తీసుకెళ్లి కాన్సులేట్‌లో ఇస్తే పనికిరాదు. అది కోర్టు ముద్ర ఉన్న కాగితం కాదు, పైగా చార్జిషీటు, తీర్పు లాంటి అసలు పత్రాలన్నీ ఆన్‌లైన్‌లో కనబడతాయన్న నమ్మకం కూడా లేదు.

పేర్ల సంగతి కాస్త ఎక్కువ చెప్పాలి, మనవాళ్లకి ఇది నిజంగా పెద్ద తలనొప్పి. ఇక్కడి సిస్టమ్‌లో ముందు ఇంటిపేరు, కామా, తర్వాత అసలు పేరు కొట్టాలి. మన పాస్‌పోర్టుల్లోనేమో రకరకాలుగా ఉంటుంది. కొందరికి ఇంటిపేరు గడిలో అసలు పేరు పడి ఉంటుంది, కొందరికి పేరంతా ఒకే గడిలో ఉండి రెండోది ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ ఉన్నవాళ్లకి వీసా మీద పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని వస్తుంది, అదే డ్రైవింగ్ లైసెన్సు మీదికీ, లైసెన్సు నుంచి పోలీసుల కాగితం మీదికీ, అక్కడి నుంచి కోర్టులోకీ వెళ్తుంది. వెంకట సాయి కృష్ణ లాంటి మూడు ముక్కల పేరుంటే ఒక చోట వెంకట మొదటి పేరు, సాయి మధ్య పేరు అయిపోతాయి, ఇంకో చోట మూడూ కలిపి ఒకే మాటగా పడతాయి. స్పెల్లింగ్ గురించి చెప్పక్కర్లేదు, ఒకే చౌదరిని నాలుగు రకాలుగా రాస్తాం.

కాబట్టి లైసెన్సు మీద ఎలా ఉందో అచ్చంగా అలా ఒకసారి వెతకండి, తర్వాత ఇంటిపేరు, పేరు తిరగేసి ఇంకోసారి, ఎఫ్ఎన్‌యూ పెట్టి ఇంకోసారి. చాలా కౌంటీల పోర్టళ్లలో మొదటి కొన్ని అక్షరాలు కొట్టి స్టార్ గుర్తు పెడితే ఆ అక్షరాలతో మొదలయ్యే పేర్లన్నీ వస్తాయి, పొడుగు పేర్లకి అది బాగా పనిచేస్తుంది. వచ్చిన జాబితాలో పుట్టిన తేదీ గానీ సంవత్సరం గానీ కనిపిస్తే దాంతో సరిచూసుకోవాలి. ఈ డాలస్ మెట్రోప్లెక్స్‌లో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్న రెడ్డిలు, రావులు ఎంతమంది ఉంటారో మీకే తెలుసు. పుట్టిన తేదీ కలవకుండా అది ఫలానా వాళ్ల కేసే అని ఎవరితోనూ అనకండి, తప్పయితే అవతలి మనిషి పరువు పోతుంది.

"ఏమీ దొరకలేదు" అని వస్తే

దీన్ని క్లీన్ చిట్ అనుకోవడం చాలా ప్రమాదం. అరెస్టు అయిన మరుసటి రోజే కోర్టులో కేసు పడదు. పోలీసులు కాగితాలు ప్రభుత్వం తరఫున కేసు పెట్టే జిల్లా అటార్నీ ఆఫీసుకి పంపాలి, రక్తం తీసుకుని ఉంటే ల్యాబ్ రిపోర్టు రావాలి, దానికి నెలలు పట్టొచ్చు. క్లాస్ ఎ, క్లాస్ బి మిస్‌డిమీనర్లకి కేసు పెట్టడానికి టెక్సస్ చట్టం రెండేళ్ల గడువిచ్చింది. అంటే అరెస్టయి ఏడాది దాటినా ఆన్‌లైన్‌లో ఏమీ కనబడకపోవచ్చు, ఆ తర్వాత ఒక రోజు హఠాత్తుగా కేసు ఫైల్ కావొచ్చు. పోయిందిలే అనుకుని అడ్రసు మార్చేసి, కోర్టు నోటీసు అందక, వాయిదాకి వెళ్లక, వారెంటు దాకా తెచ్చుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. అరెస్టయిన వాళ్లు ఆ రెండేళ్లూ అప్పుడప్పుడూ సెర్చ్ చేసుకుంటూ ఉండాలి, బాండ్ కంపెనీకీ లాయరుకీ కొత్త అడ్రసు చెప్పాలి.

ఆ మధ్యకాలంలో ఎవరైనా కాగితం అడిగితే కౌంటీ క్లర్క్ దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు. అప్పుడు పోలీసు డిపార్టుమెంటు దగ్గర అరెస్టు రిపోర్టు అడగాలి. దానికి పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద రాతపూర్వకంగా అడగొచ్చు, ఈ చట్టం కోర్టులకి వర్తించదు గానీ పోలీసులకి వర్తిస్తుంది. కేసు నడుస్తుంటే పూర్తి రిపోర్టు ఇవ్వకుండా ఆపొచ్చు, అయినా అరెస్టుకి సంబంధించిన ప్రాథమిక సమాచారం మాత్రం దాచకూడదు. దీంతోపాటు ఆ పేరు మీద కోర్టులో ఏ కేసూ లేదని క్లర్క్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ లెటర్ అడిగి తీసుకోవచ్చు. ఈ రెండూ కలిపి పెడితే అడిగినవాళ్లకి పరిస్థితి అర్థమవుతుంది.

కౌంటరుకి వెళ్లడమా, పోస్టులో తెప్పించుకోవడమా

సర్టిఫైడ్ కాపీ కావాలంటే ముఖ్యంగా ఈ రెండు దారులు, కొన్ని కౌంటీలు ఆన్‌లైన్‌లో ఆర్డర్ కూడా తీసుకుంటున్నాయి. కాలిన్ కౌంటీ కోర్టులు మెకిన్నీలో బ్లూమ్‌డేల్ రోడ్డు మీద ఉన్నాయి. డాలస్ కౌంటీ క్రిమినల్ కాగితాలకి రివర్‌ఫ్రంట్ బులవార్డ్ మీద ఉన్న ఫ్రాంక్ క్రౌలీ కోర్టు భవనానికి వెళ్లాలి, డెంటన్ కౌంటీకి డెంటన్ ఊళ్లోకే.

నన్నడిగితే వెళ్లగలిగిన వాళ్లు కౌంటరుకే వెళ్లండి. అక్కడ మనిషితో మాట్లాడొచ్చు, ఫైల్లో ఏమేం ఉన్నాయో అడగొచ్చు, పేరు తప్పుగా పడి ఉంటే అక్కడే తెలిసిపోతుంది. ఈ మధ్య నడిచిన కేసయితే మామూలుగా అదే రోజు కాపీ చేతికొస్తుంది. టెక్సస్ చట్టంలో కౌంటీ క్లర్క్ ఫీజు మామూలు కాపీకి పేజీకి 1 డాలరు, సర్టిఫై చేయాలంటే దాని మీద 5 డాలర్లు. నాలుగు పేజీల తీర్పుకి 10 డాలర్లు కూడా కాదు. పాత ఫైళ్లు, గోడౌనులో పెట్టినవి అయితే కొన్ని రోజులు ఆగాల్సి రావొచ్చు కాబట్టి ఒకసారి ఫోన్ చేసి వెళ్లండి.

పోస్టులో అయితే పేరు, పుట్టిన తేదీ, కేసు నంబరు, ఏ పత్రాలు కావాలో రాసి, వాళ్లు చెప్పిన ఫీజుకి మనీ ఆర్డరు పెట్టి, స్టాంపు అంటించిన తిరుగు కవరు జతచేసి పంపాలి. కేసు నంబరు లేకుండా పంపితే వెతకడానికి వేరే ఫీజు పడుతుంది, ఆలస్యం కూడా అవుతుంది. అందుకే ముందు ఆన్‌లైన్‌లో నంబరు పట్టుకోండి, ఇక్కడ దాన్ని కాజ్ నంబర్ అంటారు.

ఇండియాలో ఇరుక్కుపోయిన వాళ్లకి ఒక ముఖ్యమైన సంగతి. సీల్ చేయని కోర్టు రికార్డు అందరికీ తెరిచి ఉన్నదే, దాన్ని తీసుకోడానికి మీరే రానక్కర్లేదు, పవర్ ఆఫ్ అటార్నీ అక్కర్లేదు. ప్లేనోలో ఉన్న స్నేహితుడు కేసు నంబరు పట్టుకుని వెళ్లి సర్టిఫైడ్ కాపీ తీసుకుని కొరియర్ చేయొచ్చు. స్టాంపింగ్‌కి వచ్చి కాగితం లేదని టెన్షన్ పడుతూ హైదరాబాద్‌లో కూర్చున్న వాళ్లలో చాలామందికి ఈ విషయం తెలియదు.

ఏ దారిలో వెళ్లినా, కౌంటరులో "డిస్పొజిషన్ (కేసు చివరికి ఏమైందన్న కాగితం) ఇవ్వండి" అని ఒక్క మాట అని ఊరుకోవద్దు. కేసు పెట్టినప్పటి కంప్లయింట్, ఇన్ఫర్మేషన్ అనే పత్రాలు అడగండి, అసలు ఏ చార్జి పెట్టారో వాటిలో ఉంటుంది. తర్వాత తీర్పు, లేదా కేసు కొట్టేస్తే డిస్మిసల్ ఆర్డరు. డీడబ్ల్యూఐని తగ్గించి రోడ్డుకి అడ్డం పెట్టిన కేసుగా మార్చుకుని ఒప్పుకున్న వాళ్లయితే పాత కేసు ఎలా ముగిసింది, కొత్తది ఎలా ముగిసింది అన్న రెండు కాగితాలూ కావాలి, ఒకటే తెస్తే మిగిలిందేమైందని అడుగుతారు. ప్రొబేషన్ (జైలుకి బదులు కోర్టు పర్యవేక్షణ) చేసి ఉంటే అది పూర్తయిందని కోర్టు ఇచ్చిన డిశ్చార్జి ఆర్డరు. ఫైన్, ఫీజులు కట్టేసిన రసీదు. 12 గంటల డీడబ్ల్యూఐ ఎడ్యుకేషన్ క్లాసు సర్టిఫికెట్ మీ దగ్గరే ఉంటుంది, దాన్ని కూడా ఈ కట్టలోనే పెట్టుకోండి.

డీపీఎస్, ఎఫ్‌బీఐ, లైసెన్సు రికార్డు

టెక్సస్ డీపీఎస్ (రాష్ట్ర పబ్లిక్ సేఫ్టీ శాఖ, లైసెన్సులు ఇచ్చేదీ ఇదే) దగ్గర రాష్ట్రం మొత్తానికి క్రిమినల్ హిస్టరీ సెర్చ్ ఉంది, తక్కువ ఫీజుకి పేరుతో ఎవరైనా చూడొచ్చు. కౌంటీ ఏదో తెలియనప్పుడు ఇది బాగా ఉపయోగపడుతుంది. కాకపోతే బయటివాళ్లకి ఇందులో శిక్ష పడినవీ, డిఫర్డ్ అడ్జుడికేషన్ (శిక్ష ప్రకటించకుండా షరతులు పెట్టి వదిలేది, కింద చెప్తాను) అయినవీ మాత్రమే కనిపిస్తాయి, నడుస్తున్న కేసు గానీ కొట్టేసిన కేసు గానీ కనబడదు. కౌంటీలు పంపితేనే డీపీఎస్‌లోకి ఎక్కుతుంది కాబట్టి ఆలస్యాలు, ఖాళీలు కూడా ఉంటాయి. ఎఫ్‌బీఐ దగ్గర వేలిముద్రలిచ్చి 18 డాలర్లకి మీ సొంత రికార్డు తెప్పించుకోవచ్చు, ఇతరులది కుదరదు. మీ మీద ఎక్కడెక్కడ అరెస్టులు నమోదయ్యాయో, ఫెడరల్ ఆఫీసులకి ఏం కనిపిస్తోందో తెలుసుకోడానికి అది మంచిది. అరెస్టు ఉంటుంది గానీ చివరికి ఏమైందన్న గడి ఖాళీగా ఉండటం తరచూ జరుగుతుంది, ఆ ఖాళీని నింపేది మళ్లీ కౌంటీ క్లర్క్ కాగితమే.

లైసెన్సు సంగతి వేరే ట్రాక్. ఆల్కహాల్ టెస్టుకి ఒప్పుకోకపోయినా, 0.08 లేదా అంతకంటే ఎక్కువ వచ్చినా, కోర్టు కేసుతో సంబంధం లేకుండా డీపీఎస్ లైసెన్సు సస్పెండ్ చేసే ప్రక్రియ మొదలెడుతుంది. నోటీసు అందిన 15 రోజుల్లో హియరింగ్ అడక్కపోతే ఆ అవకాశం పోతుంది. దాని కాగితాలు కౌంటీ కోర్టులో వెతికితే దొరకవు, డీపీఎస్ నుంచి డ్రైవర్ రికార్డు తీసుకోవాలి. ఇన్సూరెన్స్ వాళ్లు చూసేది కూడా ఎక్కువగా ఈ డ్రైవర్ రికార్డునే.

డబ్బు కట్టమనే వెబ్‌సైట్లు

వీటికి దూరంగా ఉండండి. నెలకింత అని కార్డు తీసుకుంటారు, పాత డేటా చూపిస్తారు, ఒకే పేరున్న ఇద్దరి కేసుల్ని కలిపేస్తారు, కొట్టేసిన కేసుని ఇంకా నడుస్తున్నట్టు చూపిస్తారు. ఆ రిపోర్టు ఏ కోర్టూ, ఏ కాన్సులేటూ తీసుకోదు. వాళ్లు వెతికేది కూడా ఈ కౌంటీ రికార్డుల్నే, మీరు ఉచితంగా చూడగలిగినదాన్ని మీకే అమ్ముతున్నారు.

కంపెనీలు చేయించే బ్యాక్‌గ్రౌండ్ చెక్ మాత్రం దీనితో కలపకూడదు. దానికి మీ రాతపూర్వక అనుమతి కావాలి, తప్పుంటే సవాలు చేసే హక్కు చట్టం ఇస్తుంది. శిక్ష పడని అరెస్టులు ఏడేళ్లు దాటితే రిపోర్టులో రాకూడదన్న ఫెడరల్ నియమం ఉంది, కానీ జీతం ఏడాదికి 75,000 డాలర్లు లేదా ఎక్కువున్న ఉద్యోగాలకి ఆ రక్షణ లేదు, మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో చాలావరకు ఆ గీత దాటేవే. శిక్ష పడినదానికైతే ఆ ఫెడరల్ చట్టంలో కాలపరిమితే లేదు. కాబట్టి ఆఫర్ రాగానే కౌంటీ సైట్‌లో మీ కేసు ఎలా కనబడుతోందో చూసుకుని, డిస్మిస్ అయి ఉంటే ఆ ఆర్డరు కాపీ దగ్గర పెట్టుకోండి, రిపోర్టులో తప్పొస్తే అదే రోజు పంపొచ్చు.

లాయరుతో తెప్పించుకోవడం ఎప్పుడు

కేసు నడిపిన లాయరు ఉంటే ఫైలు కాపీ అడగండి, ఇస్తారు. అందులో పోలీసు రిపోర్టు, ల్యాబ్ రిపోర్టు లాంటివి ఉంటాయి, క్లర్క్ దగ్గర అవి దొరక్కపోవచ్చు. కానీ సర్టిఫైడ్ కాపీ తేవడానికి మాత్రమే కొత్తగా లాయరుని పెట్టుకోవడం దండగ. లాయరు అవసరమయ్యేది కాగితాన్ని చదివి దాని అర్థం చెప్పడానికి, ముఖ్యంగా ఇమిగ్రేషన్ లాయరు.

డిఫర్డ్ అడ్జుడికేషన్ సంగతే చూడండి. 2019 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో మొదటిసారి డీడబ్ల్యూఐకి, 0.15 కంటే తక్కువ వచ్చినవాళ్లకి ఇది దొరుకుతోంది. రాష్ట్ర చట్టం ప్రకారం దీన్ని పూర్తిచేస్తే శిక్ష పడినట్టు కాదు. ఇమిగ్రేషన్ చట్టం మాత్రం నేరం ఒప్పుకుని, కోర్టు ఏదో ఒక షరతు పెట్టి ఉంటే దాన్ని కన్విక్షన్‌గానే లెక్కేస్తుంది. ఫారంలో "లేదు" అని టిక్ పెట్టేముందు ఇది తెలిసి ఉండాలి, కేసు కంటే అబద్ధం చెప్పారన్న మచ్చ ఎక్కువ నష్టం చేస్తుంది.

ఎవరికి ఏది

స్టాంపింగ్‌కి వెళ్లేవాళ్లు: సర్టిఫైడ్ కోర్టు కాగితాలు, వాటితో పాటు పోలీసు రిపోర్టు. 2015 నుంచి డ్రంక్ డ్రైవింగ్ అరెస్టు తెలియగానే శిక్ష పడకముందే వీసా రద్దు చేసే అధికారం స్టేట్ డిపార్ట్‌మెంట్ వాడుతోంది. ఈమెయిల్ వస్తుంది, చాలామంది భయపడిపోతారు. రద్దయింది పాస్‌పోర్టులో ఉన్న వీసా, అంతమాత్రాన ఐ-94 (దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే ఎంట్రీ రికార్డు) మీద ఇక్కడ ఉండే హోదా పోయినట్టు కాదు, కానీ దేశం దాటితే కొత్త వీసా లేకుండా రాలేరు. డీఎస్-160 వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు, కేసు కొట్టేసినా అవుననే రాయాలి. గత 5 ఏళ్లలో ఒక్క అరెస్టున్నా, లేదా 10 ఏళ్లలో రెండున్నా కాన్సులేట్ గుర్తించిన ప్యానెల్ డాక్టరు దగ్గరికి పంపుతారు. ఆ డాక్టరు కూడా ఏం జరిగింది, ఎంత రీడింగ్ వచ్చిందని చూస్తారు కాబట్టి ఒక సెట్టు కాన్సులేట్‌కి, ఒకటి డాక్టరుకి. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ తేదీ పెట్టుకున్నాక టెక్సస్‌లో కాగితాల కోసం పరుగెత్తడం కాకుండా విమానం ఎక్కకముందే అన్నీ చేతిలో ఉండాలి.

గ్రీన్ కార్డు, సిటిజెన్‌షిప్: ఇక్కడా సర్టిఫైడ్ డిస్పొజిషనే, వేరే దారి లేదు. సిటిజెన్‌షిప్‌కి మామూలుగా గత 5 ఏళ్ల నడవడిక చూస్తారు. ఆ కాలంలో రెండు డ్రంక్ డ్రైవింగ్ శిక్షలుంటే మంచి నడవడిక లేదనే భావనతో మొదలుపెట్టాలని 2019లో అటార్నీ జనరల్ తీర్పు వచ్చింది. రెండు కేసులున్నవాళ్లు లాయరు లేకుండా అప్లై చేయకండి.

స్టూడెంట్లు: 2025 ఏప్రిల్‌లో పోలీసు రికార్డుల్లో పేరు తగిలిందని వేలమంది సెవిస్ రికార్డులు (విదేశీ స్టూడెంట్ల హోదా నమోదయ్యే ప్రభుత్వ సిస్టమ్) ఆపేసి, కోర్టుల్లో కేసులు పడ్డాక తిరిగి పెట్టారు. కొట్టేసిన కేసులున్నవాళ్లు కూడా అందులో ఇరుక్కున్నారు. అందుకే కేసు ముగిసిన వారంలోనే సర్టిఫైడ్ కాపీ తీసుకోండి, ఎవరో అడిగేదాకా ఆగకండి.

కెనడా వెళ్లాలనుకునేవాళ్లు: 2018 డిసెంబరు 18 తర్వాత అక్కడ డ్రంక్ డ్రైవింగ్‌ని తీవ్రమైన నేరాల్లోకి చేర్చారు, టెక్సస్‌లో చిన్న కేసు అయినా బోర్డరులో ఆపొచ్చు. అక్కడా అడిగేది ఈ కోర్టు కాగితాలే.

సంబంధం చూసేవాళ్లు: కౌంటీ సైట్‌లో ఉచితంగా చూడటం చట్టం ప్రకారం తప్పు కాదు, అంతవరకే చాలు. ఏదైనా కనబడితే బంధువులందరికీ ఫార్వర్డ్ చేయకుండా అబ్బాయినే నేరుగా అడగండి. తన కేసు డిస్మిస్ అయిందనో, ప్రొబేషన్ పూర్తయిందనో చెప్తే సర్టిఫైడ్ కాపీ చూపించమనండి, నిజం చెప్పేవాడికి అది 10 డాలర్ల పని. అరెస్టు వేరు, శిక్ష వేరు అన్నది పెద్దవాళ్లకి ముందే వివరించండి. మరోవైపు, ఒక్క కౌంటీలో ఏమీ దొరకలేదని నిశ్చింతగా ఉండటం కూడా సరికాదు, అబ్బాయి ఇదివరకు వేరే రాష్ట్రంలో ఉండి ఉంటే అక్కడిది ఇక్కడ కనిపించదు.

సీల్ చేయించుకునే ముందు

కేసు కొట్టేసినవాళ్లు, గెలిచినవాళ్లు రికార్డు పూర్తిగా తీసేయించుకోడానికి ఎక్స్‌పంక్షన్ అడగొచ్చు. మొదటిసారి శిక్ష పడినవాళ్లలో కొందరికి 2017 నుంచి నాన్ డిస్‌క్లోజర్ ఆర్డరు దొరుకుతోంది, దానివల్ల మామూలు జనానికి రికార్డు కనబడదు. తాగి ఉంటే బండి స్టార్ట్ కానివ్వని ఇంటర్‌లాక్ పరికరం పెట్టుకున్నారా లేదా, ఎలాంటి శిక్ష పడిందన్నదాన్ని బట్టి దీనికి 2 నుంచి 5 ఏళ్లు ఆగాలి. ఇవి మంచివే, ఉద్యోగాలకి చాలా మేలు చేస్తాయి.

కానీ ఎక్స్‌పంక్షన్ అయ్యాక క్లర్క్ దగ్గర ఆ కేసు ఉండదు, ఎంత బతిమాలినా కాపీ రాదు. ఇమిగ్రేషన్ ఫారాలేమో తుడిచేసిన అరెస్టుల్ని కూడా చెప్పమంటాయి, చెప్పాక కాగితం అడుగుతాయి. కాబట్టి పిటిషను వేయకముందే కంప్లయింట్, తీర్పు లేదా డిస్మిసల్, డిశ్చార్జి ఆర్డరు, వీటన్నిటి సర్టిఫైడ్ కాపీలు కనీసం మూడు సెట్లు తీసుకోండి. ఒకటి ఇంట్లో, ఒకటి లాయరు దగ్గర, ఒకటి ప్రయాణంలో మీతో. ముద్ర, సంతకం స్పష్టంగా కనిపించేలా రంగుల్లో స్కాన్ చేసి పెట్టుకోండి, ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ చేయమన్నప్పుడు అది సరిపోతుంది. స్టేపుల్ పిన్ను మాత్రం తీయొద్దు, కట్ట విడదీస్తే అది సర్టిఫైడ్ కాపీయేనా అని సందేహపడే ఆఫీసులున్నాయి.